స్వతంత్ర పార్టీ



తెనాలినుండి బాపట్లకు పోవు రైలుదారిలో నిడుబ్రోలు కలదు. ఆచార్య ఎన్. జి. రంగాగారు 1900 సంవత్సరమున ఆ యూరనే జన్మించిరి. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము చదివివచ్చియు రైతుపక్షము వీడనివారు.

1959 జనవరిలో నాగపురమున కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయమును తీర్మానించెను. హక్కు రైతుదేనట, సేద్యము మాత్రము అందరిదట! కాగితముమీద హక్కు నిలిచి, చేనిగట్టు చెరిగిపోయినచో ఆ హక్కేపాటిది? గట్టు జానెడు జరిగినను కోర్టుకెక్కు మన డెల్టావారికి ఈ శంక ఒకరు నేర్పనక్కరలేదు.

ఆ యేటనే రాజాజీగారు, రంగాగారు మొదలగువారు స్వతంత్ర పార్టీని స్థాపించిరి. రంగాగారే తొలి అధ్యక్షులు. ఆస్తిహక్కు నిలువవలెను, లైసెన్సుల పెత్తనము తగ్గవలెను, పన్ను మితముగా నుండవలెను. అమెరికాలో రిపబ్లికను పక్షమువారు పలుకు మాటలకు ఇవి దగ్గరివే. 1854లో పుట్టిన ఆ పక్షము నేటికిని బ్రతికియున్నది. మనది పదునైదేండ్లకే ముగిసెను.

1962 ఎన్నికలో తెనాలిలోనే రంగాగారు ఓడిపోయిరి. ఆ స్థానము కమ్యూనిస్టులకు దక్కెను. ఏల? గట్టుగల రైతునకు ధైర్యము చెప్పిన పార్టీ, గట్టే లేని రేపల్లె కూలివానికి ఏమియు చెప్పజాలకపోయెను. పైగా వేదికపై సంస్థానాధీశులను చూచి చిన్నరైతును జంకెనని నా తలంపు.

1967లో లోకసభలో 44 స్థానములు గెలిచిన పార్టీకి 1971లో 8 మిగిలెను. 1974లో అది భారతీయ లోక్‌దళమున కలిసెను. రంగాగారు అప్పటికే కాంగ్రెసునకు మరలిరి; 1980లో గుంటూరునుండి ఎన్నికైరి.