కొత్తరెడ్డిపాలెము సమాజమందిరమున ఒక ఉదయము
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గడచిన నూరేండ్లను గూర్చి పెద్దలు చక్కగా మాటలాడిరి. మమ్మును ఒక యాత్రను గూర్చి చెప్పుమని కమిటీవారు కోరిరి. యాత్ర అనగానే మీరు యెరూషలేము అనుకొందురేమో! మేము అంత దూరము పోలేదు. మన వరంగల్లు స్టేషనులో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రాత్రికి గుంటూరు చేరి, మరునాడు ఉదయము చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెము వెళ్లితిమి. బైబిలు తరగతివారము పదునలుగురము.

ఆ ఊరిలో మన తెలుగువారే కొందరు యూదులుగా జీవించుచున్నారు. తమ్మును వారు బెనె ఎఫ్రాయిము, అనగా ఎఫ్రాయిము సంతానము అని పిలుచుకొందురు. 1990వ దశకపు ఆరంభములో అక్కడ ఒక చిన్న సమాజమందిరము వెలసినది. మందిరము చూపించిన పెద్దాయన అచ్చమైన గుంటూరు తెలుగులో అన్నియు విడమరచి చెప్పెను. శుక్రవారము ప్రొద్దు గ్రుంకు వేళ విశ్రాంతి దినము ఎట్లు ఆరంభమగునో, పస్కా ఎట్లు ఆచరింతురో, పిల్లలు హెబ్రీ అక్షరములు ఎట్లు నేర్చుకొందురో వివరించెను. వేదాంత కళాశాలలో మేము కష్టపడి నేర్చి, తరువాత సగము మరచిన అక్షరములవి! ఒక చిన్నపాప వాటిని గడగడ చదువుచుండగా మాకు సిగ్గు వేసెను.

వీరు ఎవరు? మాదిగ గూడెములనుండి వచ్చినవారు. ఇశ్రాయేలు గోత్రములలో తమది ఎఫ్రాయిము గోత్రమని చెప్పుకొందురు. ఆ వంశకథకు పురాతన శాసనమేదియు సాక్ష్యమిచ్చుట లేదు. ఇశ్రాయేలు దేశము వారిని ఒక సమాజముగా ఇంకను గుర్తించలేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పెర్వేజ్ అను ఇద్దరు పరిశోధకులు వారిని గూర్చి 2013లో ఒక గ్రంథము ప్రకటించిరి. అందులో చెప్పబడిన వారు సుమారు 40 కుటుంబములు మాత్రమే. వారి నాయకులు క్రైస్తవ బోధకుల కుటుంబమునుండి వచ్చినవారే. ఈ సంగతి మన హృదయములను తాకవలెను.

ఇక మా తప్పును ఒప్పుకొనవలెను. పెద్దాయన చెప్పుచుండగా మాలో ఒక సహోదరుడు లేచి, "మీరు క్రీస్తును ఎందుకు విడిచితిరి?" అని వాదమునకు దిగెను. వారి మందిరములో, వారు వేసిన కుర్చీలో కూర్చుండి, వారిచ్చిన మంచినీళ్లు త్రాగి! మేము కాపరులమైయుండియు అతనిని వారింపలేదు. పెద్దాయన కొంతసేపు మౌనముగా నుండి, మరల పస్కాను గూర్చి చెప్పసాగెను. తిరుగు ప్రయాణములో ఆ మౌనమే మమ్మును వెంటాడెను.

ఆ ప్రశ్నను మనమే మనలను అడుగుకొనవలెను. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో మిక్కిలి మంది మాదిగ సహోదరులే. మనుష్యులుగా ఎంచబడుదుమను ఆశతో కూడ వారు ప్రభువునొద్దకు వచ్చిరి. ఆ ఆశను సంఘము ఎంతవరకు నెరవేర్చినది? ప్రభువు బల్లయొద్ద అందరమును ఒక్కటే. పెండ్లి సంబంధము మాట రాగానే మాల, మాదిగ అను పేర్లు మన నోటికి వచ్చుట లేదా? గౌరవము వెదకుచు ఒకడు ఇల్లు విడిచి పోయినయెడల, మొదట పరీక్షింపవలసినది ఆ ఇంటినే గదా!

ఇది మన ఇంటి వ్యాధి మాత్రమే కాదు. కొన్నేండ్ల క్రితము మేము కొచ్చిలోని పరదేశి సమాజమందిరమును చూచియుంటిమి. అది 1568లో కట్టబడినది. చైనానుండి తెచ్చిన నీలిచిత్రాల పలకలు నేలయంతయు పరచియున్నవి. ఇంచుమించు క్రీ.శ. 1000 నాటి రాగి రేకులు ఆ ప్రాంతపు యూదులకు రాజిచ్చిన గౌరవమునకు సాక్ష్యము. అయినను ఆ మందిరములో పూర్వము దాసుల సంతతివారిని బల్లలమీద కూర్చుండనీయలేదు. ఆ సంతతిలో పుట్టిన న్యాయవాది అబ్రహాము బరాక్ సాలెము (1882-1967) గాంధీగారి సత్యాగ్రహ మార్గమున పోరాడెను. క్రమముగా ఆ అడ్డు తొలగెను. అప్పటికి చాల ఆలస్యమైనది. 1950వ దశకములో అత్యధికులు ఇశ్రాయేలునకు తరలిపోయిరి. సమాజ ప్రార్థనకు పదిమంది పురుషులు కూడవలెనని వారి నియమము. నేడు స్థానికులతో ఆ సంఖ్య నిండుట లేదు. చూడవచ్చువారు మాత్రము టిక్కెట్టు కొని వరుసగా వచ్చుచున్నారు.

నూరేండ్ల పండుగనాడు ఈ దృశ్యము మనము మరువరాదు. గోడలకు సున్నము వేయించితిమి, శిలాఫలకము నిలిపితిమి. మంచిదే. మరొక నూరేండ్లకు మన దేవాలయమును చూచుటకు వచ్చువారు మాత్రమే మిగులుదురా, అందులో మోకరించువారు కూడ ఉందురా?

మరియొక మాట. ఇరువది యేండ్లకు దగ్గరగా మేము మంచి శుక్రవారమున ప్రసంగించుచున్నాము. "యూదులు" అను మాటను ఒక తిట్టువలె ఎన్నిమారులు వాడితిమో లెక్కలేదు. మన ప్రభువు యూదుడు. ఆయన తల్లి యూదురాలు. నజరేతు సమాజమందిరములో విశ్రాంతి దినమున లేచి యెషయా గ్రంథము చదివినవాడు ఆయనే. అడవి ఒలీవ కొమ్మ తన్ను మోయు వేరుమీద అతిశయపడరాదని పౌలు రోమా సంఘమును హెచ్చరించెను గదా. కొత్తరెడ్డిపాలెమునుండి వచ్చిన తరువాత మేము పాత ప్రసంగపు కాగితములు తీసి, ఆ మాట వచ్చిన ప్రతిచోట గీత గీసి, క్రొత్తగా వ్రాసితిమి.

పెద్దాయనకు క్షమాపణ కోరుచు ఉత్తరము కూడ వ్రాసితిమి. వాదమునకు లేచిన సహోదరుడు దానిమీద తానే మొదట సంతకము చేసెను. మీలో ఎవరైనను అక్కడికి వెళ్లదలచినయెడల ముందుగా కబురు పంపి, వారు రమ్మన్న దినముననే వెళ్లుడి. అతిథులుగా వెళ్లుడి. ఎక్కువగా వినుడి. ఇంటికి వచ్చి మన సంఘములో ఎవరు వెనుక వరుసలో కూర్చుండుచున్నారో, ఎందుకు కూర్చుండుచున్నారో చూడుడి.

ప్రభువు మన నూరేండ్ల సంఘమును దీవించును గాక. ఆమేన్.