అప్పు లేని క్రిస్మస్ వెలుగు
(సారంగాపూర్ యువతను ఉద్దేశించిన ప్రసంగ పాఠం)

 

మనలో లంబాడాలం ఉన్నాం, నాయకపోడ్లం ఉన్నాం, గోండులం ఉన్నాం. కొన్ని ఇండ్లలో తీజ్ చేస్తాం, కొన్ని ఇండ్లలో లక్ష్మీదేవరకు మొక్కుతాం, కొన్ని ఇండ్లలో డిసెంబరు రాగానే నక్షత్రం కడతాం. ఎవరు ఎవరికి మొక్కుతారన్నది ఇయ్యాల మన ముచ్చట కాదు. పండుగ ఏదైనా ఇల్లు ముస్తాబు కావాలి, ఆ ముస్తాబుకు అప్పు కావద్దు. క్రిస్మస్ దగ్గర పడింది కనుక దాని గురించే మాట్లాడుకుందాం. క్రిస్మస్ చేయని ఇండ్ల పిల్లలు కూడా వినండి. ఇక్కడ చెప్పే పని సంక్రాంతికీ పనికొస్తుంది, పెండ్లి పందిరికీ పనికొస్తుంది.

డిసెంబరు మనకు ఎట్లాంటి నెలో మీకు తెలుసు. వానాకాలం వడ్ల పైసలు కొందరికి చేతికొస్తాయి, కొందరికి ఇంకా రావు. అప్పుడే యాసంగికి నారు పోయాలి, ట్రాక్టరు కిరాయి కట్టాలి, యూరియా తేవాలి. సరిగ్గా ఆ వారంలోనే పక్కింటి వాళ్లు రంగురంగుల బల్బుల దండలు కట్టారని మన ఇంట్లో పిల్లలు అడుగుతారు. తల్లి కాదనలేదు. ఐదు వేలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తుంది. లెక్క చూడండి. నెలకు నూటయాభై. మళ్లీ క్రిస్మస్ వచ్చేసరికి మిత్తి ఒక్కటే 1800. బల్బుల దండ జనవరిలోనే ఆరిపోవచ్చు, మిత్తి మాత్రం ఏడాది పొడుగునా వెలుగుతూనే ఉంటుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌కు మనిషి పోని ఊరు అరుదు. అక్కడ ఎండలో పనిచేసి పంపిన పైసలు ఇక్కడ థర్మాకోల్ కొనడానికి పోతే ఎట్లా? పండుగ పోయాక ఆ థర్మాకోల్ ముక్కలు, మెరుపు కాగితాలు వాకిట్లో ఎగురుతాయి. మేకలు, పశువులు వాటిని నములుతాయి. పశువుల మీద బతికిన జాతి మనది, ఈ మాట మనకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

అయితే ఖర్చే పెట్టొద్దని మేము అనడం లేదు. పెట్టిన పైస ఎవరి చేతికి పోతుందో చూడమంటున్నాం. మన తెలంగాణలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. మెదక్ చర్చి మీలో చాలామంది చూసే ఉంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ దాన్ని కట్టించారు. ఆకలితో ఉన్న జనానికి పని చూపించి, ఆ పనికి తిండి పెట్టారు. అట్లా ఏండ్ల తరబడి లేచిన గుడి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. ఇయ్యాల దాని సొగసు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ సొగసు వెనక ఉన్నది కరువులో దొరికిన బుక్కెడు బువ్వ. మన ఇంటి ముస్తాబు చిన్నదే కావచ్చు, అది కూడా మన దగ్గరి వాళ్లకు పని ఇచ్చేదిగా ఉంటే చాలు.

ఇక పనిలోకి దిగుదాం. మొదట గోడ. సున్నం వేసి, గోడ అడుగున, గడపకు, అరుగుకు జాజు పూసిన ఇంటికి ఇంకే హంగూ అక్కర్లేదు. ఎర్రటి జాజు మీద తెల్లటి ముగ్గు గీత ఎంత దూరం కనబడుతుందో మన అమ్మలకు తెలుసు. క్రిస్మస్‌కు ఆ ముగ్గులోనే నక్షత్రం వేయండి. సిమెంటు ఇల్లయితే గోడ జోలికి పోకుండా గడపకు, వాకిలికి వేసుకోవచ్చు. దర్వాజాకు మామిడాకు తోరణం, మధ్యలో బంతిపూలు. జగిత్యాల మామిడికి పేరున్న జిల్లా, ఆకు కోసం బజారుకు పోయేదేముంది?

రెండోది నక్షత్రం. కొన్న నక్షత్రం ఒక ఏడాదికి చినిగిపోతుంది. చేసుకున్న దానికి కాగితం మారిస్తే చాలు, చట్రం ఏండ్ల కొద్దీ ఉంటుంది. దానికి రెండు మూరల పొడుగున్న సన్నటి వెదురు బద్దలు పది, జానెడు పుల్లలు ఐదు కావాలి. ఐదు బద్దలతో ఒక ఐదు మూలల చుక్క కట్టండి. మిగతా ఐదింటితో అట్లాంటిదే ఇంకొకటి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనలనూ దారంతో గట్టిగా ముడేయండి. ఇప్పుడు లోపల బద్దలు ఒకదాన్ని ఒకటి దాటే ఐదు చోట్ల, రెండు చుక్కల నడుమ జానెడు పుల్లలు నిలబెట్టి కట్టండి. చుక్క నడుమ ఉబ్బి, కొనల దగ్గర సన్నబడుతుంది. దాని మీద పతంగి కాగితాన్ని మైదా లైతో అంటించండి. వెనక ఒక మూల తెరిచి ఉంచండి, బల్బు పెట్టడానికి, మార్చడానికి.

ఇది మనం ఒక్కరమే చేసే పని కాదు. ఫిలిప్పీన్స్ దేశంలో క్రిస్మస్ గుర్తే ఇట్లాంటి వెదురు నక్షత్ర దీపం. దాన్ని పరోల్ అంటారు. జైలు నుంచి దొరికే పెరోల్ కాదు సుమా, లాంతరు అనే స్పానిష్ మాట నుంచి వచ్చిన పేరు అది. అక్కడి పల్లెల్లో వెదురు, పల్చటి కాగితంతో మొదలైన ఆ పని ఇప్పుడు ఎంతోమందికి బతుకుదెరువు అయింది. మన దగ్గర వెదురు తక్కువా, చేతిపని తక్కువా?

వెదురు గురించి ఒక మాట. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును కూడా చిన్న తరహా అటవీ ఫలసాయంలో చేర్చింది. అంతమాత్రాన పండుగ కోసం పచ్చి వెదురు నరకాల్సిన పని లేదు. తడకలు, బుట్టలు అల్లే మేదరి కుటుంబాల దగ్గర బద్దలు కొనండి. నక్షత్రానికి కావలసింది కొంచెమే. మన పైస ఇంకో చేతిపని ఇంటికి పోతుంది. క్రిస్మస్ చెట్టు కోసం కూడా పచ్చని చెట్టు కొట్టొద్దు. ఎండి రాలిన కొమ్మను మట్టి నింపిన కుండలో నిలబెట్టి, ఎండిన గునుగు పూలు కట్టండి. బతుకమ్మ నాడు మిగిలిన గునుగును తలకిందులుగా నీడకు వేలాడదీస్తే డిసెంబరు దాకా రూపు చెడదు.

మూడోది పశువుల పాక. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అస్సిసి ఫ్రాన్సిస్ నిజమైన గడ్డి, ఎద్దు, గాడిదతో ఏసు పుట్టిన పాకను జనానికి చూపించారు. ఆయన కష్టపడి చూపించాల్సి వచ్చింది, మనకు పాక అంటే ఏమిటో చిన్నప్పటి నుంచీ తెలుసు. వరిగడ్డి ఉంది, చెరువు మన్ను ఉంది. బొమ్మలు పిల్లలతోనే చేయించండి, ఎద్దు కొమ్ము వంకర పోయినా ఫరవాలేదు. పాక ముందు పచ్చిక కోసం ప్లాస్టిక్ గడ్డి కొంటున్నారు. గోధుమ మొలకలు పెంచడం మన ఆడపిల్లలకు తీజ్ నేర్పిన విద్య. తీజ్ బుట్టల పవిత్రత తీజ్‌దే, దాన్ని అట్లాగే ఉంచుదాం. కానీ ఒక పాత పళ్లెంలో మన్ను పోసి, నానిన గోధుమలు చల్లడం ఎవరైనా చేయవచ్చు. చలికి మొలక మెల్లగా లేస్తుంది కనుక డిసెంబరు 14 నాటికే చల్లండి.

పాక వెనక తెరకు కొత్త గుడ్డ వద్దు. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసి, 2017 నుంచి పంచిన బతుకమ్మ చీరలు చాలా ఇండ్లలో మడతపెట్టి ఉన్నాయి. ఒకటి తీసి కట్టండి. దర్జీ దగ్గర మిగిలే పీలికలకు అద్దాలు, గవ్వలు కుట్టితే దర్వాజాకు తోరణం అవుతుంది. కానీ నాయనమ్మ పేటియాను మాత్రం కత్తిరించొద్దు. పాత పేటియాలను తక్కువకు కొని, గోడ అలంకరణలుగా, దిండ్ల గలేబులుగా ఎక్కువకు అమ్ముకునే వ్యాపారం ఉంది. కర్ణాటకలోని సండూరు లంబాడీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే కుట్టు మన నాయనమ్మల వేళ్లలో ఉంది. ఆమె పక్కన కూర్చొని ఒక్క కుట్టయినా నేర్చుకోండి. ఈ పండుగకు మీరు ఇంటికి తెచ్చే అన్నిటికంటే విలువైన వస్తువు అదే.

నాలుగోది కరెంటు. నక్షత్రంలో 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు చాలు. రోజుకు 12 గంటల చొప్పున 15 రోజులు వెలిగినా 900 వాట్ అవర్లు, అంటే ఒక యూనిట్‌కు తక్కువే. అదే పాత 60 వాట్ల బల్బయితే 10.8 యూనిట్లు, పైగా వేడికి కాగితం అంటుకునే ప్రమాదం. కాగితం నక్షత్రంలో కొవ్వొత్తి అసలే వద్దు. స్తంభం మీది తీగకు కొండీ వేయొద్దు. డిసెంబరు మంచుకు తడిసే చోట అతుకుల వైరు వాడొద్దు. పండుగ పూట ఏ తల్లీ కడుపుకోతకు గురికావద్దు.

మొత్తం ఖర్చుకు ఐదు వందలు హద్దు పెట్టుకోండి. సున్నం, జాజుకు వంద. వెదురు, కాగితం, దారానికి వంద. బల్బు, హోల్డరు, వైరుకు రెండు వందలు. ఒక వంద చేతిలో ఉంచుకోండి. ధరలు అటూఇటూ అయితే వేరే దగ్గర తగ్గించండి కానీ హద్దు దాటొద్దు.

చివరగా యువకులకు ఒక పని అప్పజెప్తున్నాం. మన తండాల్లో కొడుకు దుబాయిలో, కోడలు పట్నంలో ఉండి, ముసలి తల్లి ఒక్కతే ఉన్న ఇండ్లు ఉన్నాయి. ఆమె నిచ్చెన ఎక్కలేదు, వెదురు చీల్చలేదు. మీ ఇంటికి ఒక నక్షత్రం చేసేటప్పుడు ఆ ఇంటికి ఇంకొకటి చేయండి. అది క్రిస్మస్ చేసే ఇల్లయితే నక్షత్రం కట్టండి, చేయని ఇల్లయితే సంక్రాంతికి వాకిలి అలికి ముగ్గేయండి. సాయంత్రం కొడుకు ఫోన్ చేసినప్పుడు ఆ తల్లి తన దర్వాజాను ఫోన్‌లో చూపిస్తుంది. ఎవరు కట్టారని అతను అడుగుతాడు. మన తండా పిల్లలని ఆమె చెప్తుంది.

ఆ మాట వినడానికి ఏ మిత్తి కట్టనక్కర్లేదు. క్రిస్మస్ చేసుకునే వాళ్లకు పండుగ శుభాకాంక్షలు, అందరికీ యాసంగి పంట మంచిగా పండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం. రామ్ రామ్.