ముక్కు దిబ్బడ ఒకవైపే ఉంటే...
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా నాలుగు మాటలు చెప్పమన్నారు. గుట్కా గురించి, నోటి క్యాన్సర్ గురించి మీరు చాలా విన్నారు. నేను ఈ రోజు అరుదైన ఒక గడ్డ గురించి చెబుతాను. అది వచ్చేది బడికెళ్లే వయసు మగపిల్లలకు. దాన్ని ముందుగా పసిగట్టగలిగేది తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు.

దాని పేరు జువెనైల్ యాంజియోఫైబ్రోమా. తల, మెడ భాగాల్లో వచ్చే గడ్డల్లో ఇది నూటికి ఒకటి కూడా ఉండదు. దాదాపు ఎప్పుడూ 10 నుంచి 20 ఏళ్ల లోపు అబ్బాయిలకే వస్తుంది. ముక్కు వెనక భాగంలో పుడుతుంది. క్యాన్సర్ కాదు గానీ, నిండా రక్తనాళాలే. వదిలేస్తే బుగ్గలోకి, కంటిగూటిలోకి, మెదడు దాకా పాకగలదు.

లక్షణాలు ముఖ్యంగా రెండు. ఒకవైపు ముక్కు దిబ్బడ, నొప్పి లేకుండా మాటిమాటికీ రక్తం కారడం. మన ఇళ్లల్లో ముక్కునుంచి రక్తం వస్తే ‘వేడి చేసింది’ అని మజ్జిగ తాగిస్తాం. చాలామంది పిల్లలకు ముక్కు గిల్లుకోవడం వల్లో, లోపలి పొర ఎండిపోయి చిట్లడం వల్లో వస్తుంది, తగ్గిపోతుంది. అందుకే నూరుమందిలో ఒకడికి వేరే కారణం ఉన్నా మనకు అనుమానం రాదు.

నా దగ్గరకు వచ్చిన ఒక తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి పంపింది వాళ్ల తెలుగు మాస్టారు. పద్యం చదివిస్తే ‘మ’ను ‘బ’లా, ‘న’ను ‘ద’లా పలుకుతున్నాడట. ముక్కులోంచి గాలి ఆడకపోతే అనునాసికాలు అలాగే మారిపోతాయి. ఎనిమిది నెలలుగా కుడివైపు దిబ్బడ, మధ్యమధ్య రక్తం. అంతకుముందు చూపించిన ఒకచోట ‘కండ పెరిగింది, ఇప్పుడే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం’ అన్నారు. తండ్రి ఇంకో డాక్టరును అడిగి చేయిద్దామని ఆగాడు. అది మంచిదైంది.

చాలా గడ్డలకు ముక్క తీసి పరీక్షించడమే పద్ధతి. ఈ గడ్డను మాత్రం అలా గిల్లితే రక్తం ఆగక ప్రాణం మీదికి రావచ్చు. అందుకని ముందు ఎండోస్కోపుతో చూస్తాం. తర్వాత నరానికి మందు ఎక్కించి సీటీ, ఎమ్మారై స్కాన్లు తీయిస్తాం. చాలావరకు వాటితోనే రోగం తేలిపోతుంది.

ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు, తొడ మొదట్లో ఉండే రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, గడ్డకు రక్తం తెచ్చే నాళాలను మూసేస్తారు. దీన్ని ఎంబొలైజేషన్ అంటారు. ఆ తర్వాత ముక్కులోంచే గడ్డ తీస్తాం. ఒకప్పుడు ముఖం మీద కోత పెట్టేవారు. ఇప్పుడు చాలామందికి ఆ అవసరం లేదు. ఈ కుర్రాడికీ రాలేదు. వాడు పదో తరగతి పరీక్షలు రాశాడు. మళ్లీ పెరిగే అవకాశం ఉంటుంది కనుక స్కాన్లకు పిలుస్తూనే ఉన్నాం.

పెద్దవాళ్లకూ ఒక మాట. ఒకవైపే చెవి దిబ్బడ, మూడు వారాలైనా తగ్గని మెడ గడ్డ, చెవి కింద గడ్డతో పాటు మూతి వంకరపోవడం, వీటిలో ఏది కనిపించినా చూపించుకోండి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. తరగతిలో పిల్లవాడికి ముక్కునుంచి రక్తం కారితే తల వెనక్కి వంచకండి. కూర్చోబెట్టి, కాస్త ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. నోటితో గాలి పీల్చుకోమనండి. ఆగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆగినా, అదే పిల్లవాడికి అదేవైపు మళ్లీమళ్లీ వస్తుంటే ఇంట్లో చెప్పి పంపండి.

ఈ బడి పిల్లలను ఏడాదికోసారి వచ్చి చూసే పని నాకు అప్పగించమని సంఘాన్ని కోరుతున్నాను.