మనోభిఘాతము – మద్యపానము



గ్రామమున నొకఁడు త్రాగుబోతైనచో వానిపై మనము చెప్పు తీర్పు చాలఁ జిన్నది. బుద్ధి లేదందుము, సహవాసదోషమందుము. కొందఱి విషయమున నది సరిపోవచ్చును. కాని త్రాగువారిలో వేఱొక తెగ కలదు. వారు సుఖముకొఱకుఁ ద్రాగుట లేదు, నిద్రకొఱకుఁ ద్రాగుచున్నారు. నేఁటి నా ప్రసంగము వారినిగూర్చి.

దేహమునకుఁ దగిలినట్లే మనస్సునకును దెబ్బ తగులును. ఇది మన వైద్యశాస్త్ర మెఱుఁగనిది కాదు. దొంగలచేతను, రాజభటులచేతను, శత్రువులచేతను బెదరింపఁబడినవానికిని, ధనమును బంధువులను గోల్పోయినవానికిని ఉన్మాదము కలుగునని సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమునఁ గలదు. మద్యమువలనఁ గలుగు రోగములకు చరకసంహితలో మదాత్యయమను పేర నొక యధ్యాయమే కలదు. ఈ రెండును ఒక్క మనుష్యునియందుఁ జేరినప్పు డొకదాని నొకటి యెట్లు పెంచునో వైద్యులు వివరముగాఁ బరిశీలించినది మాత్రము ఇటీవలి కాలముననే. అదియు ముఖ్యముగా యుద్ధములవలన.

1914లో ఆరంభమైన మహాసంగ్రామమున ఫ్రాన్సు, బెల్జియము దేశములలో సైనికులు కందకములు త్రవ్వుకొని, ఫిరంగిగుండ్ల క్రింద నెలలతరబడి గడపిరి. ఒంటిమీఁద గాయమైనను లేనివారు వణఁకుచు, మాట పడిపోయి, కొందఱు చూపు పోయి ఆసుపత్రులకు వచ్చుచుండిరి. చార్లెస్ మైయర్స్ అను వైద్యుఁడు 1915లో ‘లాన్సెట్’ పత్రికయందు దీనిని ‘షెల్ షాక్’ అను పేర వర్ణించెను. గుండు ప్రేలినప్పుడు మెదడు అదరుటచే నిట్లగునని మొదటఁ దలఁచిరి. ప్రేలుడు దాపున లేనివారికిని ఈ వ్యాధి వచ్చుటచే నా యూహ నిలువలేదు. అంతలోఁ బిఱికితనమనియు, పాఱిపోయిరనియు నేరము మోపి బ్రిటిషు సైన్యము తన సైనికులనే కాల్చి చంపించినది. అట్టివారిలో 306 మందికి 2006లో ఆ ప్రభుత్వము క్షమ ప్రకటించినది. తొంబదియేండ్ల పిమ్మట! విచారణచేసిన పెద్దలకు వ్యాధికిని నేరమునకును భేదము తెలియకున్న నేమగునో చూచితిరి గదా.

ఆ కందకములలోనే వేకువజామున సైనికులకు రమ్ము అను సారాయమును కొలిచి పోయుచుండిరి. చలికని కొంత, ధైర్యమునకని కొంత. గుండె దడకు మందు సీసాలో నున్నదని సైన్యమే నేర్పినది. ఇంటికి వచ్చిన పిమ్మట నా పాఠమును మఱచిపొమ్మన్నచో నెట్లు మఱచును?

ఎడింబరో పట్టణము చెంత క్రెయిగ్లాకార్ట్ అనుచోట సైనికాధికారులకొక యాసుపత్రి యుండెను. అచట రివర్స్ అను వైద్యుఁడు పనిచేసెను. జరిగినదానిని మఱచిపొండని రోగులకు హితవు చెప్పుట ఆ కాలపు మర్యాద. పగలెల్ల బలవంతముగా నడఁచిపెట్టినది రాత్రి స్వప్నమై లేచుచున్నదని రివర్స్ కనిపెట్టి, దానిని మెల్లమెల్లగాఁ జెప్పించుటయే మేలని 1918లో వ్రాసెను. దయతోనే యైనను “మఱచిపో” యని మనమును చెప్పుచుందుము. మద్యముకూడ నా మాటయే చెప్పును; కాకున్న మనకంటె మిక్కిలి యొప్పింపఁగలదు.

అమెరికా మనోవైద్యులు 1980లో ఈ వ్యాధిని తమ రోగగ్రంథమున వేఱు పేరుతోఁ జేర్చిరి. వియత్నాం యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులను పిమ్మటఁ బరిశీలింపఁగా, ఈ వ్యాధికి లోనైన పురుషులలో నూటికి 70 మందికి మించి యెప్పుడో యొకప్పుడు మద్యమునకుఁ జిక్కినవారని తేలినది.

కారణమును వినుఁడు. మద్యము నరముల యుద్రేకమును తాత్కాలికముగా నణఁచును. పూర్వరాత్రమున స్వప్నములను తగ్గించును. అది దేహమునుండి తొలఁగఁగానే, అపరరాత్రమున స్వప్నములు రెట్టింపై వచ్చును. తెల్లవాఱునప్పటికి చేతులు వణఁకును, చిన్న చప్పుడునకే గుండె యదరును. దానిని మాన్పుకొన మరలఁ ద్రాగును. అప్పు తీర్చుటకు అప్పు చేసినవాని కాపురము మీ రెఱుఁగనిది కాదు.

యుద్ధమునకే పోనక్కఱలేదు. 1977 నవంబరు 19న, కార్తికమాసమున, దివిసీమపై ఉప్పెన విఱుచుకపడి పదివేలకు మించి జనులు మడిసిరి. అటుపిమ్మటఁ జాల యేండ్లకు, నేను పనిచేసిన యొక గ్రామమున, వలలు బాగుచేయు వృద్ధుఁ డొకఁడుండెను. అతని బిడ్డలిద్దఱు నా నీటఁ గొట్టుకపోయిరి. ఏఁడాది పొడవునను అణఁకువగా నుండువాఁడు, కార్తికము వచ్చి గాలి మొదలుకాఁగానే పది దినములు ఒడలెఱుఁగక త్రాగును. పెద్దలు ఏటేటఁ దప్పు వేయుచుండిరి. అతఁడు మాఱుమాటాడక చెల్లించుచుండెను. ఒకనాఁడు నాతో, “పంతులుగారూ, తాగకపోతే ఆ నీళ్ళ హోరు చెవుల్లో ఆగదండీ” అనెను. రచ్చబండపై నిన్నేండ్లుగా నెవ్వరును అతని నీ సంగతి యడిగియుండలేదు.

ఆపద చూచినవారందఱు నిట్లగుదురని నేననను. పెక్కుమంది కాలక్రమమునఁ దేరుకొందురు. కాని త్రాగుబోతుపై ఫిర్యాదు మీ యెదుటకు వచ్చినపుడు, ఎంత త్రాగెననుటకు ముందు ఎప్పుడు మొదలైనదనియు, అంతకుముందేమి జరిగినదనియు నడుగుఁడు. అందఱియెదుటఁ గాదు, ఏకాంతమున. సమాధానము చెప్పకున్న బలవంతపెట్టకుఁడు. భార్యను కొట్టినచో నా తప్పు తప్పే; ఆమెను కాపాడుట ముందుపని. వ్యాధియని తెలిసినంతమాత్రమున నది మాఫీ కాదు.

ముందు త్రాగుడు మాని రమ్ము, తరువాత మనస్సు సంగతి చూతమను పద్ధతి నేఁడు వైద్యులలోఁ దగ్గుచున్నది. రెంటికిని కలిపి చికిత్స చేయవచ్చును. తర్ఫీదు పొందినవారియెదుట జరిగినదానిని క్రమముగాఁ జెప్పుకొనుటయు, త్రాగవలెనను కోరికను తగ్గించు మందులును అందులో నున్నవి.

ఇంకొక్క జాగ్రత్త. చిరకాలము నిత్యము త్రాగినవానిని గదిలోఁ బెట్టి తాళము వేసి మాన్పింపఁజూచువారు కలరు. ఇది ప్రాణాపాయము. హఠాత్తుగా మానినచో కొందఱికి రెండు మూఁడు దినములలోనే మూర్ఛలు, సంధిప్రేలాపన కలుగును. అట్టివానిని ఆసుపత్రిలో నుంచియే మాన్పింపవలెను. 2022లో కేంద్రప్రభుత్వ మేర్పఱచిన టెలి మానస్ అను సహాయశాఖకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో, రేయింబవళ్ళు తెలుఁగుననే మాటలాడుదురు, రుసుము లేదు. రోగి మాటలాడ నిష్టపడకున్న నింటివారైనను చేయవచ్చును.