పంటి మొనలు



గజపతినగరమను పేరులోనే ఏనుగు కలదు. గజపతి యనగా ఏనుగులకు అధిపతి. ఉత్కళమునేలిన ప్రభువులును, మన విజయనగర సంస్థానమునేలిన పూసపాటివారును ధరించిన బిరుదమది. ఏనుగునకు సంస్కృతమున దంతి యనియు, ద్విరదమనియు పేర్లున్నవి. రెండు పండ్లు గలదియని రెండవ పేరునకు అర్థము. తెలుగువారు సాధారణముగా ఏనుగునకు దంతమనియు, అడవిపందికి కోర యనియు చెప్పుదురు. శరీరశాస్త్రము నడిగినచో ఈ భేదము సరియైనదేయని తేలును. ఏనుగు దంతము పైదవడ ముందరి పన్ను పెరిగి పొడవైనది. పంది కోర నిజముగా కోరపన్నే. సింహాచలమున వెలసిన వరాహ నరసింహస్వామి కథలో భూమి నెత్తినదియు కోరయే గాని ముందరి పన్ను కాదు.

పేరున్న వస్తువును కన్ను గుర్తించును; పేరు లేనిది కంటి యెదుట నున్నను జారిపోవును. మన నోటిలో అట్లు జారిపోవుచున్న భాగములేవో, దానివలన పిల్లలకు కలుగు నష్టమేదో నేడు విన్నవించెదను.

పెద్దవారికి పండ్లు 32. ముందర పైన నాలుగు, క్రింద నాలుగు ఉలిపండ్లు. పాఠ్యపుస్తకములు వీటిని కుంతకములనును. వీటికి పదునైన అంచు కలదు గాని మొన లేదు. క్రొత్తగా మొలిచినపుడు ఆ అంచున మూడు చిన్న బుడిపె లుండును. బిడ్డ పన్ను రంపమువలె నున్నదని తల్లి భయపడ నక్కరలేదు. వాడుకలో అవియే అరిగిపోవును.

వీటి ప్రక్కన నాలుగు మూలల నాలుగు కోరపండ్లు. పుస్తకములలో ఇవి రదనికలు. వీటికి ఒక్కొక్క మొన. ఆంగ్ల వైద్యులు పంటి మొనను కస్ప్ అందురు. ఈటె మొన యను అర్థముగల లాటిను మాటనుండి అది వచ్చినది. కోరపంటికి వారిడిన కెనైన్ అను పేరు కుక్కను బట్టి కలిగినది. మన ఆయుర్వేదమునను పల్లేరునకు శ్వదంష్ట్ర, అనగా కుక్కకోర, యను పేరున్నది. పల్లేరుకాయ కాలిలో గ్రుచ్చుకొనిన రైతునకు ఆ పేరు తగినదని వేరుగా చెప్పనక్కరలేదు.

కోరలకు వెనుక ఎనిమిది అగ్రచర్వణకములు. వీటికి సాధారణముగా రెండేసి మొనలు, ఒకటి చెంపవైపు, ఒకటి నాలుకవైపు. ఆ వెనుక 12 చర్వణకములు. ఇవియే మన దవడపండ్లు. పైదవడలోని మొదటి దవడపంటికి నాలుగు పెద్ద మొనలుండును. కొందరికి నాలుకవైపున ఐదవ బుడిపె కూడ కనబడును. 19వ శతాబ్దిలో దానిని వర్ణించిన కారబెల్లి యను దంతవైద్యుని పేరే దానికి నిలిచినది. క్రింది దవడలోని మొదటి దవడపంటికి ఐదు మొనలు సామాన్యము: చెంపవైపు మూడు, నాలుకవైపు రెండు.

దవడపంటికి ఆంగ్లమున మోలార్ అని పేరు. లాటినులో తిరుగలి రాయికి చెల్లు మాటయే దీనికి మూలము. మన ఇండ్లలో చోళ్ళు విసరు తిరుగలి నునుపెక్కినచో పిండి రాదు. అందుచేత దానికి కక్కు కొట్టించుట కలదు. పంటికి ఆ కక్కు ప్రకృతియే పెట్టినది. పై పంటి నాలుకవైపు మొన క్రింది పంటి నడిమి గుంటలో, రోటిలో రోకలివలె, వచ్చి కూర్చుండును.

పంటి శిరస్సున నున్నది మొన; వేరు చివర నున్నది కొన. కొనయందలి సన్నని రంధ్రముగుండ నరమును, రక్తనాళములును పంటిలోనికి పోవును. పుచ్చు లోతునకు దిగి నరమును చంపినపుడు చీము చేరునదియు ఆ కొనవద్దనే.

ఈ కస్ప్ అను మాట నోటినుండి గుండెకు కూడ ప్రయాణము చేసినది. గుండె కుడివైపున మూడు రెప్పలుగల కవాటమునకు ఆంగ్లమున ట్రైకస్పిడ్ అని పేరు. మన పుస్తకములు దానిని అగ్రత్రయ కవాటమనియు, త్రిపత్ర కవాటమనియు అనువదించినవి. ఒకరికి మొన కనబడినది, మరియొకరికి ఆకు కనబడినది.

ఇక అసలు సంగతి. మొనలున్నచోట వాటి నడుమ గాడులుండును. కొన్ని గాడులు బ్రష్షు పోచకంటె ఇరుకైనవి. అందు చిక్కిన తీపిని సూక్ష్మక్రిములు ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పంటి పింగాణీని కరగించును. పిల్లల దవడపండ్లలో పుచ్చు తరచుగా గాడియందే మొదలగును.

పాలపండ్లు 20. సుమారు ఆరవయేట, వాటికి వెనుక, ఏ పన్నును ఊడకుండగనే నాలుగు క్రొత్త దవడపండ్లు మొలచును. ముందుగా ఏదియు ఊడలేదు గనుక ఇవియు పాలపండ్లేయని పెక్కు తల్లిదండ్రులు తలతురు. నల్లగాడి కనబడినను, ఊడి మరల వచ్చునులే యని ఊరకుందురు. అది మరల రాదు. జీవితకాలము నమలవలసిన పన్ను బడి చదువు ముగియకముందే పోవును. దానికి ఇంటిలో ఒక పేరు లేకపోవుటయే ఈ పొరపాటునకు పెద్ద కారణము.

కావున పేరు పెట్టుకొందము. నోటి నడుమనుండి ఒక ప్రక్కకు లెక్కించుకొని పోయినచో అది ఆరవ పన్ను. ఆరవయేట ఆరవ పన్ను: ఇంటిల్లిపాదియు జ్ఞాపకముంచుకొనదగిన మాట ఇది. బిడ్డకు ఆరేండ్లు నిండునపుడు వెలుతురున కూర్చుండబెట్టి, నోరు తెరపించి, లెక్కించి చూడుడు. పన్ను ఇంకను పైకి వచ్చుచుండగా ప్రక్క పంటికంటె పల్లముగా నుండును. బ్రష్షు దానిపైకి చేరునట్లు పెద్దలే తోముట మేలు. ఫ్లోరైడుగల పేస్టు బఠానీగింజంత చాలును. రాత్రి పండుకొనుటకు ముందు తోముట తప్పరాదు.

వైద్యమునను మార్గము కలదు. 1955లో అమెరికాలో బ్యూనకోర్ అను దంతవైద్యుడు పింగాణీకి కొంచెము ఆమ్లము తాకించినచో రెజిను దానికి గట్టిగా అంటుకొనునని చూపెను. ఆ త్రోవనే గాడులను మూయు పూత వచ్చినది. పన్ను తొలువనక్కరలేదు, సూది అక్కరలేదు. పుచ్చకముందు వేయించుటయే దాని ప్రయోజనము.

పెద్దలకును ఒక మాట. గట్టి వస్తువును కొరికి విడిచినపుడు చురుక్కుమన్నచో మొనవద్ద బీట వారియుండవచ్చును. వైద్యునితో ‘పన్ను నొప్పి’ యని మాత్రమే చెప్పక, ‘క్రింది దవడ, ఎడమవైపు, ఆరవ పన్ను, నాలుకవైపు వెనుక మొన’ యని చెప్పగలిగినచో ఆయన వెదుకులాట సగము తగ్గును. మొన, గాడి, కొన, ఈ మూడు మాటలును మన ఇంటివే. వాటిని నోటిలోని పండ్లకును వాడుకొందము.