తా కాలి మైదానం, మన పేష్కష్

ఇది మల్దకల్‌లో ఏటా జరిగే స్మారకోపన్యాసం. ఈసారి నేను ఎంచుకున్న చోటు మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవి. అక్కడి తా కాలి అనే పాత సైనిక విమానాశ్రయం చరిత్ర చెబుతాను.

మాల్టా చిన్న దేశం. మన గద్వాల జిల్లాలో పదో వంతుకు కాస్త ఎక్కువ. ఉత్తరాన వంద కిలోమీటర్ల లోపే ఇటలీ వారి సిసిలీ. రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికాలోని ఇటలీ, జర్మనీ సైన్యాలకు సామాను మోసే ఓడలు ఆ దారినే పోవాల్సి వచ్చేది. మాల్టాలో ఉన్న బ్రిటిష్ వాళ్లు వాటిని ముంచేవాళ్లు. అందుకే 1940 జూన్ నుంచి దీవి మీద బాంబులు కురిశాయి.

మ్దీనా కోట కొండ కిందనే తా కాలి. యుద్ధానికి ముందు ఇటలీ ప్రయాణికుల విమానాలు దిగిన మైదానమది. 1940లో ఫైటర్ విమానాల స్థావరమైంది. సిమెంటు రన్‌వే లేదు, ఉత్త నేలే. ఎండాకాలం దుమ్ము, వానొస్తే బురద.

1942 మార్చి 7న ఈగల్ అనే విమానవాహక నౌక నుంచి ఎగిరొచ్చిన 15 స్పిట్‌ఫైర్ ఫైటర్ విమానాలు ఇక్కడే దిగాయి. రెండు వారాలు తిరక్కుండానే జర్మన్లు మైదానాన్ని గుల్ల చేశారు. విమానాలను కాపాడటానికి సైనికులు, ఊరివాళ్లు కలిసి ఖాళీ పెట్రోలు డబ్బాల్లో మట్టీ రాళ్లూ కూరి, వరస మీద వరస పేర్చి, మూడు వైపులా గోడలు లేపారు. అయినా ఏప్రిల్ 20న దీవికి చేరిన 46 స్పిట్‌ఫైర్లలో చాలావాటిని రోజుల్లోనే పోగొట్టుకున్నారు. మే 9న మరో 60 దాకా వచ్చాయి. ఈసారి సిబ్బంది కాచుకుని ఉండి, నిమిషాల్లో పెట్రోలు, తూటాలు నింపి మళ్లీ పైకి పంపారు. పోరు అక్కడ మలుపు తిరిగింది.

పక్కనే మోస్తా ఊరు. ఏప్రిల్ 9న అక్కడి చర్చి గుమ్మటాన్ని చీల్చుకుని ఓ బాంబు ప్రార్థనలో ఉన్న జనం మధ్య పడింది, పేలలేదు. ఆ ఊరివాళ్లు దాన్ని, మన మల్దకల్ తిమ్మప్ప జాతరలో చెప్పుకున్నట్టే, దేవుడి మహిమ అంటారు.

ఇక మన సంగతి. 1943 జులైలో సిసిలీ మీద దాడికి తా కాలి నుంచి లేచిన దళాల్లో 152వ స్క్వాడ్రన్ ఒకటి. దాని అధికారిక పేరు ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళానికి గుర్తుగా పెట్టిన పేరది. చిహ్నం మీద నిజాం దస్తార్, అంటే తలపాగా, ఉండేది. 1940లో ఇంగ్లండ్ ఆకాశంలో పోరాడిన ఈ దళం, సిసిలీ, ఇటలీ తర్వాత బర్మా పోరుకు తరలింది.

నిజాం ఇచ్చాడన్నది నిజమే. కానీ నిజాం ఖజానాలోకి భూమిశిస్తు వచ్చేది, గద్వాల, వనపర్తి సంస్థానాలు కట్టే కప్పం, అంటే పేష్కష్, వచ్చేది. ఆ పేష్కష్ వెనక మన నడిగడ్డ (గద్వాల ప్రాంతం) రైతు చెమట ఉంది. ఆ రైతు పేరు మీద స్క్వాడ్రన్ లేదు.

1979లో బ్రిటిష్ సేన మాల్టా వదిలింది. నేడు తా కాలి నేల మీద పార్కు, జాతీయ ఫుట్‌బాల్ స్టేడియం, చేతిపనుల అంగళ్లు, విమానాల మ్యూజియం ఉన్నాయి. మాల్టా వాళ్లు తమ మైదానం కథను అలా జనం నడిచే చోట నిలబెట్టుకున్నారు. స్క్వాడ్రన్‌కు వెళ్లిన ఆ విరాళంలో మన వాటా మాత్రం ఇంకా నిజాం దాతృత్వం పద్దులోనే ఉంది. సంస్థానాల లెక్కలు చదవగల యువకులు ఈ సభలో ఉన్నారు. ఆ వాటా లెక్క తీసే పని వాళ్లు అందుకోవాలి.