ఫ్రీజర్‌లో చలువ తగ్గితే
పత్తి మార్కెట్‌కు పేరున్న ఆదోనిలోనూ, మగ్గాల ఎమ్మిగనూరులోనూ ఎండాకాలంలో ఫ్రీజర్ ఆగకుండా నడుస్తున్నా ఐసు గడ్డకట్టకపోతే, లోపం ముందుగా వెతకవలసింది లోపల కాదు, వెనుక. లోపలి వేడిని బయటికి వదిలే గొట్టాల వరుసను కండెన్సర్ అంటారు. దానిపై దుమ్ము, దూది పీచు పేరుకుంటే వేడి వెలుపలికి పోదు. ప్లగ్గు తీసి, మెత్తని బ్రష్షుతో దులిపి, ఫ్రీజర్‌ను గోడకు జానెడు దూరం జరపాలి.

కండెన్సర్ తరువాత తలుపు. దాని అంచున ఉండే రబ్బరు పట్టీ మధ్య కాగితం పెట్టి, తలుపు మూసి లాగినప్పుడు అది సులువుగా జారి వస్తే వేడిగాలి చొరబడుతున్నట్టే. లోపల మంచు మందంగా పేరుకున్నా చలువ తగ్గుతుంది గనుక, ఫ్రీజర్ ఆపి కరిగించాలే తప్ప కత్తితో గీకరాదు. కత్తి తగిలి లోపలి గొట్టానికి చిల్లు పడి గ్యాసు పోతే అది ఖరీదైన తొందరపాటు. కండెన్సర్, తలుపు, మంచు సరిచూశాక ఒక రోజు గడిచినా చలువ మైనస్ 18 డిగ్రీల దరికి చేరకపోతే మెకానిక్‌ను పిలవాలి.